బ్రెగ్జిట్ భయాలను తూచి చూడటం ఎలా: పిల్లలను బ్రిటన్‌కు పంపిన ఇళ్ల కోసం

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సాయంత్రం టీకి కూడే మా అయిదారుగురిలో దాదాపు అందరికీ కొడుకో, కూతురో, తమ్ముడి బిడ్డో బ్రిటన్‌లో ఉన్నారు. ఆ దేశం యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడి ఏళ్లు గడిచినా, బ్రెగ్జిట్ పేరు మీద పుట్టే భయాలు మా ఫోన్లలోకి ఇంకా వచ్చి పడుతూనే ఉన్నాయి. ఒకనాడు "ఇగ మన పిల్లల వీసాలన్నీ రద్దయితయంట" అని ఒకరు గాబరా పడతారు. మర్నాడు ఏదో కన్సల్టెన్సీలో విన్నానంటూ "యూరపోళ్లు పోయిండ్రు, కొలువులన్నీ మనోళ్లకే" అని ఇంకొకరు పొలం పాస్‌బుక్కు పట్టుకొని బ్యాంకుకు బయలుదేరుతారు. భయపెట్టే మాట, ఆశపెట్టే మాట రెండూ ఒకే తానులో ముక్కలు. వీటిని తూచడానికి నేను కొంతకాలంగా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

దీనికి ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. పేజీని నాలుగు గడులుగా గీసి, వచ్చిన మాట, దాని తేదీ, అది ఏ రకం మాట, ఎవరికి వర్తిస్తుంది అని పైన రాసుకోవాలి. బడిపంతులుగా రిటైరైనవాణ్ని కనుక గళ్లు గీసే అలవాటు నాకు ఇంకా పోలేదు. మీరు ఫోన్‌లోనే రాసుకున్నా అభ్యంతరం లేదు. అయితే నాలుగు గడులూ నిండే వరకు ఆ సందేశాన్ని ఎవరికీ పంపకూడదు.

ముందుగా మొదటి పేజీలో అసలు తేదీలు వేసుకోండి. ప్రజాభిప్రాయ సేకరణ 2016 జూన్ 23న జరిగింది, విడిపోదామన్నవారు 51.9 శాతం, ఉండిపోదామన్నవారు 48.1 శాతం. నిష్క్రమణ నోటీసును 2017 మార్చి 29న ఇచ్చారు. లెక్క ప్రకారం రెండేళ్లలో ముగియవలసిన వ్యవహారం గడువు మీద గడువు పొడిగించుకుంటూ 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు ముగిసింది. మన గడియారాల్లో అది ఫిబ్రవరి 1 తెల్లవారుజామున నాలుగున్నర. పాత నిబంధనలు కొనసాగిన సంధికాలం మాత్రం 2020 డిసెంబరు 31తో అయిపోయింది. ఒక వార్త ఈ తేదీల్లో దేనికి ముందుదో, దేనికి తరవాతదో తేలితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది, ఎందుకంటే మన గ్రూపుల్లో తిరిగే వాటిలో చాలా మట్టుకు 2018, 2019 నాటి వార్తలే తేదీ చెరిగిపోయి మళ్లీ వస్తున్నాయి.

ఆ మూడున్నరేళ్లలో అన్ని అనుమానాలు ఎందుకు పుట్టాయో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చింది, అదే నెల 23న అది వెనక్కి పోయినట్లయింది, రాష్ట్రం ఏర్పడే సరికి 2014 జూన్ 2 వచ్చింది. ఆ నాలుగున్నరేళ్లలో కరెంటు గురించి, సాగర్ నీళ్ల గురించి, హైదరాబాద్‌లో ఇళ్ల గురించి, ఉద్యోగుల స్థానికత గురించి మనం వినని పుకారు లేదు. నిర్ణయం ప్రకటించిన రోజుకూ, అది అమలయ్యే రోజుకూ మధ్య ఎంత ఎడముంటే పుకార్లకు అంత జాగా దొరుకుతుంది. లండన్‌లో మహా చదువుకున్నవాళ్లు కూడా 2019లో మందులు, బియ్యం, డబ్బా పప్పులు కొని ఇంట్లో పేర్చుకున్నారంటే నాకు నవ్వు రాలేదు.

మూడో గడిలో ఆ మాట రకం రాయాలి. అది జోస్యమా, వాగ్దానమా, అమల్లోకి వచ్చిన నిబంధనా అన్నది చూడాలి. ఈ మూడింటినీ కలిపేయడమే అసలు జబ్బు. వాగ్దానానికి ఉదాహరణగా ఆ ఎర్ర బస్సును తీసుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని, ఆ సొమ్మును ఆరోగ్య సేవకు పెడదామని విడిపోదామన్న పక్షం బస్సు మీద రాయించి ఊరూరా తిప్పింది. ఈ లెక్కలోని మెలికను మన దగ్గర మార్కెట్ యార్డుకు వడ్లో పత్తో వేసిన ఎవరైనా చిటికెలో పట్టేస్తారు. తక్‌పట్టీ మీద పైన రాసే మొత్తం ఒకటి, హమాలీ, చాటా, కమీషన్ కోతలు పోగా చేతికి వచ్చేది ఇంకొకటి. మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ కాలం నుంచి బ్రిటన్ కట్టే సొమ్ములో ఒక తగ్గింపు ఉండేది. ఆ సొమ్ము దేశం దాటి పోయేదే కాదు. తగ్గింపు పోగా 2015లో నిజంగా పంపింది వారానికి సుమారు 25 కోట్ల పౌండ్లు, అందులోనూ కొంత భాగం అక్కడి రైతులకు, వెనుకబడిన ప్రాంతాలకు తిరిగి వచ్చేది. ఆ దేశపు గణాంకాల ప్రాధికార సంస్థే ఆ అంకె తప్పుదోవ పట్టిస్తోందని చెప్పినా బస్సు ఆగలేదు.

జోస్యాల విషయంలో రెండో పక్షం కూడా తక్కువ తినలేదు. విడిపోవాలని ఓటేస్తే వెంటనే ఆర్థిక మాంద్యం వస్తుందని ఖజానా శాఖ అంచనా వేసింది. 3,000 కోట్ల పౌండ్ల మేర పన్నులు పెంచి, ఖర్చులు కోసి అత్యవసర బడ్జెట్ పెట్టవలసి వస్తుందని అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ హెచ్చరించారు. ఆ బడ్జెట్ రాలేదు, ఆ మాంద్యమూ అప్పుడు రాలేదు. దాంతో అన్ని హెచ్చరికలూ బూటకమేనని జనం తీర్మానించుకున్నారు. అది కూడా పొరపాటే, ఎందుకంటే రోగం కొన్నిసార్లు నెమ్మదిగా ముదురుతుంది. దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం దాకా తగ్గుతుందన్నది అక్కడి బడ్జెట్ బాధ్యతా కార్యాలయం పెట్టుకున్న లెక్క. ఒక్క రోజులో కనిపించింది మాత్రం పౌండు పతనం. ఓట్ల లెక్కింపు రాత్రే అది డాలరుతో పోలిస్తే 1985 తరవాతి కనిష్ఠానికి పడిపోయింది. మన రూపాయల్లో సుమారు 100 ఉన్న పౌండు ఆ అక్టోబరు కల్లా 80ల్లోకి దిగింది. అంటే 15 వేల పౌండ్ల ఫీజు కట్టవలసిన తండ్రికి 15 లక్షల భారం పన్నెండున్నర లక్షలకు తగ్గింది; అక్కడ సంపాదించి ఇంటికి పంపుతున్న కొడుకు పంపకం అదే పాళ్లలో చిక్కిపోయింది. ఒకే వార్త ఒక ఇంటికి పండుగ, పక్కింటికి దిగులు. కాబట్టి నాలుగో గడిలో మన ఇల్లు ఏ వైపున్నదో రాయకుండా "మంచిది", "చెడ్డది" అని రాయవద్దు.

ఇక అనుమానాల సంగతి. దీనికి భయాలకన్నా ఎక్కువ ఓపిక కావాలి. బ్రిటన్‌లో ఓటును పెన్సిల్‌తో వేస్తారు. గూఢచారి సంస్థ ఆ గుర్తులను రబ్బరుతో చెరిపి మార్చేస్తుందని 2016లో పుకారు లేచి, జనం సొంత పెన్నులు పట్టుకొని పోలింగ్ కేంద్రాలకు వెళ్లారు. పెన్ను వాడుకోవడానికి అడ్డేమీ లేదని, కాగితం మడిచినప్పుడు సిరా అటువైపు అంటుకోకుండా ఉండేందుకే పెన్సిల్ పెడతామని ఎన్నికల సంఘం చెప్పింది. మన పంచాయతీ ఎన్నికల్లో లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్నవారికి ఈ జవాబులోని నిజం తెలుసు. రబ్బరు ముద్ర సిరా ఆరకముందే మడిస్తే మరో గుర్తు మీద మచ్చ పడటం, దాని మీద ఇద్దరు ఏజెంట్లు అరగంట వాదించుకోవడం నేను కళ్లారా చూశాను. అనుమానం వచ్చినప్పుడు "ఇది జరగాలంటే ఎంతమంది చేతులు కలపాలి?" అని అడగండి. లక్షల కాగితాలను అందరి ఏజెంట్ల ఎదుట రబ్బరుతో చెరపడానికి కావలసిన మందిని లెక్కవేస్తే ఆ పుకారు దానంతట అదే కూలిపోతుంది.

అలాగని అనుమానించినవారందరినీ వెర్రివాళ్లుగా కొట్టిపారేయకూడదు. ఖర్చు పరిమితిని ఉల్లంఘించినందుకు విడిపోదామన్న ప్రధాన ప్రచార సంస్థ వోట్ లీవ్‌కు ఎన్నికల సంఘం 2018లో 61 వేల పౌండ్ల జరిమానా వేసింది. 2019 సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం పార్లమెంటును అయిదు వారాలు ప్రొరోగ్ చేయించినప్పుడు, అంటే సమావేశాలను ఆపి మూయించినప్పుడు, చర్చను తప్పించుకోవడానికే ఇలా చేశారని అనుమానించినవారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ చర్య చట్టవిరుద్ధమని తీర్పు చెప్పారు. మన జిల్లాలో కూడా పాలకుల మీద అనుమానం కాగితం మీదికి ఎక్కిన సందర్భం ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఎవరూ వినడం లేదని 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి వందల మంది నామినేషన్లు వేయగా 480 మంది బరిలో మిగిలారు, బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవారెవరూ ఆ అనుమానాన్ని పుకారు అనలేదు.

ఇంకొక మెలిక ఉంది. "రుజువు దొరకలేదు" అనడం వేరు, "వెతకలేదు" అనడం వేరు. రష్యా జోక్యం గురించి 2020 జులైలో వెలువడిన పార్లమెంటరీ సంఘం నివేదిక, ఆ ఓటింగులో జోక్యం జరిగిందా అని ప్రభుత్వం అసలు మదింపే చేయించలేదని తప్పుపట్టింది. దీన్ని ఒక పక్షం "రష్యా గెలిపించింది" అని, మరో పక్షం "రష్యా పాత్ర లేదని తేలింది" అని ప్రచారం చేసుకున్నాయి. నివేదిక ఈ రెండింటిలో ఏదీ చెప్పలేదు. ఇలాంటి వాటికి నా నోటుబుక్కులో "ఖాళీ" అని రాస్తాను, ఆ ఖాళీని ఊహతో నింపను.

నాలుగో గడి మన ఇళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది. యూరప్ దేశాల పౌరులు వీసా లేకుండా బ్రిటన్‌కు వచ్చి పనిచేసుకునే స్వేచ్ఛ 2020 డిసెంబరు 31తో ముగిసింది. అంతకుముందే వచ్చి ఉన్నవారు తమ హోదా కోసం దరఖాస్తు చేసుకోవడానికి 2021 జూన్ 30 గడువు పెట్టారు. ఆ గడువు వార్తను చూసి మా వాళ్లలో ఒకరు రాత్రంతా నిద్రపోలేదు. భారతీయ పాస్‌పోర్టుకు ఆ స్వేచ్ఛ ఎప్పుడూ లేదు, కాబట్టి పోయిందీ లేదు. ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగనిచ్చే షెన్‌జెన్ ఒప్పందంలో బ్రిటన్ ఎన్నడూ లేదు. బ్రిటన్ వీసాతో మన పిల్లలు పారిస్ వెళ్లలేకపోవడం బ్రెగ్జిట్‌తో మొదలైంది కాదు.

చదువు తరవాత పని చేసుకునే అనుమతిదీ ఇదే కథ. దాన్ని 2012 ఏప్రిల్‌లో ఎత్తేశారు, అప్పటికి బ్రిటన్ యూనియన్‌లోనే ఉంది. గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో రెండేళ్ల అనుమతి 2021 జులై 1న మళ్లీ వచ్చింది, అప్పటికి బయటికి వచ్చేసింది. మాస్టర్స్ చదివే చాలామందికి భార్యాభర్తలను, పిల్లలను తీసుకెళ్లే వీలు 2024 జనవరి నుంచి పోయింది. నైపుణ్య ఉద్యోగ వీసాకు కావలసిన కనీస వార్షిక జీతాన్ని 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లకు, 2025 జులైలో 41,700 పౌండ్లకు పెంచారు. వీటిలో ఒక్కటి కూడా యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో తీసుకున్న నిర్ణయం కాదు, అన్నీ లండన్‌లో తీసుకున్నవే. "యూరపోళ్లు పోయిండ్రు కాబట్టి మనకే" అన్న కన్సల్టెన్సీ మాటకు ఈ జీతం అంకెను పక్కన పెట్టి చూస్తే చాలు. ఫీజు అడిగిన చోట ఈ మాటను తేదీతో సహా కాగితం మీద రాసి ఇమ్మనండి. నేను ఒకసారి అడిగాను. ఆ మనిషి సార్ ఇప్పుడే వస్తాడని లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

పద్ధతి మొత్తం ఒక పేజీలో ఎలా పనిచేస్తుందో చూడండి. మా పక్కింటి పెద్దమనిషి ఒకనాడు కొడుకు నివాస అనుమతి కార్డు ఫొటో తెచ్చాడు. వీసా 2025 దాకా ఉందని కొడుకు చెప్పాడు, కార్డు మీద మాత్రం గడువు 2024 డిసెంబరు 31 అని ఉంది. "బ్రెగ్జిట్ అయినంక అందరిదీ ఒక్కతేదీకే కోసిండ్రట, సారూ, పోరడు మాతోని దాస్తున్నడు" అన్నాడు. మాట రాశాం, తేదీ రాశాం. రకం అన్న గడిలో నిబంధన అని రాసి, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకే తెరిచాం. కార్డులను తీసేసి ఈ-వీసాలు తెస్తున్నారని, అందుకే ఎక్కువ గడువున్న చాలామంది కార్డుల మీద కూడా అదే తేదీ ఉందని, అసలు గడువు ఆన్‌లైన్ ఖాతాలో కనిపిస్తుందని అక్కడే ఉంది. కొడుకు ఆ ఖాతా తెరిచి చూపిస్తే పది నిమిషాల్లో తేలిపోయింది. అయితే తండ్రి వారం రోజులుగా కొడుకును అనుమానిస్తూ మాట్లాడిన మాటలకు నా నోటుబుక్కులో గడి లేదు.

ఒక్క భయాన్ని మాత్రం గడుల్లో పెట్టి తేలిక చేయవద్దు. ఓటింగ్ జరిగిన మరుసటి నెల, 2016 జులైలో, జాతి, మత విద్వేష నేరాల నమోదు అంతకుముందటి ఏడాది అదే నెలకన్నా 41 శాతం పెరిగిందని బ్రిటన్ హోం శాఖ లెక్కలే చెప్పాయి. బస్సులో ఎవరో తిట్టారని కూతురు చెబితే "నీవే తలవంచుకొని పో బిడ్డా" అనకుండా, ప్రమాదం అప్పుడే జరుగుతుంటే 999కి, జరిగిపోయిన తరవాతైతే 101కి పోలీసులకు ఫోన్ చేయమని చెప్పండి.

కొత్త సందేశం రాగానే పిల్లలను అడగవలసినవి మూడే: నీ వీసా పేరేమిటి, ఏ తేదీన మంజూరైంది, ఖాతాలో గడువు ఎప్పటిదాకా ఉంది. ఈ మూడింటి జవాబులనూ నోటుబుక్కు అట్ట లోపలివైపు రాసి పెట్టుకుంటే ప్రతిసారీ అడగనక్కరలేదు. తప్పనిసరిగా అడగవలసి వస్తే గోడ గడియారం చూసి ఫోన్ చేయండి. చలికాలంలో వాళ్లు మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉంటారు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా నాలుగున్నర గంటలే. మనకు పొద్దున్న ఎనిమిదంటే వాళ్లకు ఇంకా తెల్లవారదు.