హెచ్‌పీవీ టీకాలో మరిన్ని రకాలను చేర్చే విధానం

శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో టీకాల పరిశోధనకు కొత్తగా వచ్చినవారికి, నాలుగు రకాల హెచ్‌పీవీని (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే హ్యూమన్ పాపిల్లోమా వైరస్‌ను) అడ్డుకునే టీకాకు మరో అయిదు రకాలు చేర్చడం పెద్ద పనేమీ కాదనిపించవచ్చు. నిజానికి చేర్చే ప్రతి రకానికీ విడి తయారీ, విడి పరీక్ష, విడి రుజువు కావాలి.

ముందుగా రకాలను ఎంచుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. వాటికి 31, 33, 45, 52, 58 తోడైతే రక్షణ 90 శాతం దాకా విస్తరిస్తుంది. అంటే మొదటి రెండింటి ప్రయోజనానికి తరవాతి అయిదూ కలిసినా సాటిరావు. ధర తగ్గించాలనుకునేవారు ఈ లెక్కను మరవకూడదు. 6, 11 రకాలు జననాంగాలపై పులిపిర్ల కోసమే.

తరవాత ఒక్కొక్క రకపు ఎల్1 ప్రోటీన్ (వైరస్ పైపొరగా ఉండే ప్రోటీన్) జన్యువును ఈస్ట్‌లో ప్రవేశపెట్టి పెంచాలి. ఈస్ట్ మార్గం హైదరాబాద్‌కు కొత్త కాదు: 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను అలాగే తెచ్చింది. ఎల్1 అణువులు అయిదేసి చొప్పున గుత్తులుగా చేరి, 72 గుత్తులు కలిసి వైరస్‌ను పోలిన బోలు గోళంగా అమరుతాయి. లోపల వైరస్ డీఎన్ఏ లేదు గనుక వ్యాధి రాదు. శుద్ధి చేసేటప్పుడు గోళాలను విడదీసి తిరిగి కూర్చితే ఆకారం నిలకడగా ఉంటుంది. అదనపు శ్రమే అయినా మానదగినది కాదు.

అసలు చిక్కు వీటిని కలిపేటప్పుడు వస్తుంది. ఒక రకంపై శరీరపు రోగనిరోధక స్పందన మరొకదానిపై స్పందనను తగ్గించవచ్చు గనుక, పాత మోతాదులు అలాగే ఉంచి కొత్తవి పోస్తే సరిపోతుందని అనుకోరాదు. 2014లో అమెరికా అనుమతించిన తొమ్మిది రకాల టీకా గార్డాసిల్ 9లో, నాలుగు రకాల పాత గార్డాసిల్‌తో పోలిస్తే, 16వ రకం 40 నుంచి 60 మైక్రోగ్రాములకు, 18వ రకం 20 నుంచి 40కి, స్పందనను పెంచేందుకు కలిపే అల్యూమినియం 225 నుంచి 500కి పెరిగాయి. కనుక ఒక్కొక్క రకాన్నీ అడ్డుకునే యాంటీబాడీలను విడివిడిగా కొలిచి, పాత రకాల విషయంలో ఇప్పుడున్న టీకాకు తీసిపోలేదని చూపాలి.

మనుషులపై పరీక్షకు వచ్చేసరికి ఖమ్మం గుర్తుండాలి. 2009లో అక్కడ బాలికలకు ఈ టీకా వేసిన ప్రాజెక్టులో పలుచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారు; 2010లో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. హైదరాబాద్‌లో ట్రయల్ పెట్టేవారు పత్రాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ సిద్ధం చేసి, చదవలేని తల్లిదండ్రులకు సాక్షి సమక్షంలో చదివి వినిపించి, బాలిక అంగీకారాన్ని విడిగా తీసుకోవాలి.