ఫ్లష్ ట్యాంకు నుంచి నీళ్లు ఆగకుండా కారుతుంటే

కమోడ్‌లోకి సన్నటి ధార ఆగకుండా పడుతోందంటే ట్యాంకు మొత్తం మార్చాల్సిన పనిలేదు. ముందు మూత తీసి నీటిమట్టం చూడండి. నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు సుమారు ఒక అంగుళం కిందే నీళ్లు ఆగాలి. గొట్టంలోకి పొర్లిపోతుంటే ఫ్లోట్‌ను (నీటి మీద తేలే భాగాన్ని) కాస్త కిందికి దించండి. అయినా నీళ్లు ఆగకపోతే ట్యాంకులోకి నీళ్లు వదిలే ఫిల్ వాల్వ్ పాడైనట్టే.

మట్టం సరిగానే ఉంటే ట్యాంకులో నాలుగైదు చుక్కల ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగండి. రంగు కమోడ్‌లోకి దిగితే అడుగున రబ్బరు సరిగా మూసుకోవడం లేదు. ట్యాంకుకు నీళ్లొచ్చే యాంగిల్ కాక్ (గోడకుండే చిన్న కుళాయి) కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, రబ్బరు కూర్చునే చోట పేరుకున్న ఉప్పు గారను వెనిగర్ పోసి మెత్తటి స్క్రబ్బర్‌తో రుద్దండి. చాలాసార్లు ఇంతటితోనే కారడం ఆగుతుంది. రబ్బరు గట్టిపడినా, వంకర తిరిగినా మార్చాల్సిందే. కొలతలో తేడా రాకుండా కొట్టుకు పాతది వెంట తీసుకెళ్లండి. గొలుసు ఉన్న రకమైతే అర అంగుళం వదులు ఉంచండి, బిగుతుగా ఉంటే కొత్త రబ్బరు పెట్టినా కారుతుంది.

ట్యాంకులో వేసే బ్లీచ్ బిళ్లలు మాత్రం వద్దు, రబ్బరును అవే తినేస్తాయి. ఇప్పటికే బిళ్ల ఉంటే వెనిగర్ అసలు పోయకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.