భూమి తిరుగుడు – 4వ పాఠం: ఒక చుట్టు వేరు, ఒక రోజు వేరు

పోయిన పాఠంలో బంతిని భూమి, బల్బును సూర్యుడు అనుకుని, బంతి మీద మనమున్న చోటుకు గుర్తుగా గుండుసూది గుచ్చి, బల్బు ముందు తిప్పమన్నాం. తిప్పినవాళ్లలో కొందరికి సూర్యుడు పడమట పొడిచాడు. ఇంకొందరికి పగలు తొమ్మిదిన్నర గంటల్లోనే అయిపోయింది. ఈ రెండూ సరిచేసుకోకుండా ముందుకు కదలలేం, కాబట్టి సగం పాఠం మరమ్మతుకే పోతుంది.

ముందు పడమటి పొద్దుపొడుపు సంగతి. "అపసవ్య దిశలో (గడియారం ముల్లుకు ఎదురుగా) తిప్పండి" అని అప్పుడు మేమన్న మాటే కొంప ముంచింది. ఉత్తర ధ్రువం పైనుంచి చూసినప్పుడే అది అపసవ్యం. బంతిని తల మీదికెత్తి కిందినుంచి చూస్తే అదే తిరుగుడు గడియారం ముల్లులాగే కనిపిస్తుంది. సవ్యం, అపసవ్యం రెండూ పక్కన పెట్టేయండి. ఉత్తరం పైకి ఉండేలా బంతిని నిలిపి, బల్బు దగ్గర నిలబడి చూడండి. మీకు ఎదురుగా ఉన్న ముఖం ఎడమ నుంచి కుడికి జరగాలి, అంతే. సూది ఎడమ అంచున వెలుగులోకొస్తే ఉదయం, కుడి అంచున చీకట్లోకి జారితే సాయంత్రం. అనుమానముంటే సూది ఎడమ అంచున ఉన్నప్పుడు ఆపి చూడండి: అది బల్బు వైపే పోతుంటుంది. సూది పోయే వైపే తూర్పు.

ఇక పొట్టి పగలు. తప్పు తిప్పడంలో లేదు, బల్బు దూరంలో ఉంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న బంతి కేంద్రానికి 30 సెంటీమీటర్లలో చిన్న బల్బు పెడితే, విచ్చుకుంటూ వచ్చే కిరణాలు బంతి నడుము దాకా చేరకముందే దాని ఒంపును ఒరుసుకుని వెళ్లిపోతాయి. వెలిగేది మూడో వంతే. భూమధ్యరేఖ మీది సూది 360 డిగ్రీల్లో 141 డిగ్రీలే వెలుగులో ఉంటుంది. గంటకు 15 చొప్పున 9.4 గంటలు. బల్బును 2 మీటర్లకు జరిపితే 11.6 గంటలొస్తుంది. గది చాలదంటే 6 సెంటీమీటర్ల బంతి తీసుకుని 60 సెంటీమీటర్ల దూరం పెట్టండి, ఫలితం అదే. పెద్ద బంతితో కుస్తీ పట్టడం కంటే ఇదే మేలు.

అక్షాన్ని, అంటే బంతి తిరిగే ఇరుసును, అప్పుడే వంచేసినవాళ్లు మళ్లీ నిటారుగా పెట్టండి. వంపు సంగతి ఐదో పాఠంలో.

ఇప్పుడు అసలు చిక్కు. "భూమి 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది" అనే వాక్యాన్ని ఎక్కడ చూసినా కొట్టేయాలనిపిస్తుంది. పూర్తి 360 డిగ్రీల చుట్టుకు పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. 24 గంటలు అనేది చుట్టు లెక్క కాదు, ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి పట్టే సమయపు సగటు.

బంతితోనే తేల్చుకోండి. బంతికీ గోడకీ మధ్య బల్బు పెట్టి, సూది బల్బు వైపు, గోడకు లంబంగా ఉండేలా చూడండి. ఇప్పుడు బంతిని బల్బు చుట్టూ, పైనుంచి చూస్తే అపసవ్యంగా (ఇక్కడ ఈ మాట వాడక తప్పలేదు), 30 డిగ్రీలు జరపండి. జరుపుతూనే అదే దిశలో సరిగ్గా ఒక్క చుట్టు తిప్పి, సూది మళ్లీ గోడకు లంబంగా రాగానే ఆపండి. చుట్టు పూర్తయింది, కానీ సూది బల్బును చూడట్లేదు! మధ్యాహ్నం కావాలంటే ఇంకో 30 డిగ్రీలు తిప్పాలి. ఇక్కడ తప్పెక్కడ జరుగుతుందంటే, సూదిని గోడ మీది ఒక చుక్క వైపు గురిపెడతారు. చుక్క దగ్గరిది, బంతి జరిగితే గురి కూడా మారిపోతుంది. లంబమే చూడండి.

నిజం భూమి రోజుకు జరిగేది 30 కాదు, 1 డిగ్రీకి కాస్త తక్కువ. డిగ్రీకి 4 నిమిషాలు కాబట్టి ఆ మిగులు తిరుగుడుకు 3 నిమిషాల 56 సెకన్లు. నాలుగు నిమిషాలేగా అనుకోవద్దు. గడియారాన్ని చుట్టుకు కట్టేస్తే ఆర్నెల్లకు మధ్యాహ్నం పన్నెండు చూపే వేళకు బయట అర్ధరాత్రి అవుతుంది. ఏడాదికి రోజులు 365¼, చుట్లు 366¼. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు 43,20,000 ఏళ్ల యుగానికి భూమి చుట్లు 158,22,37,500 అని లెక్క కట్టాడు. ఆ యుగంలో రోజులు 157,79,17,500. తీసివేసి చూడండి, ఏడాదికి ఒక చుట్టు మిగులుతుంది.

అభ్యాసం ఒక్కటే, కానీ పది రోజులు పడుతుంది. దూరపు భవనం నిలువు అంచు వెనక్కి ఒక నక్షత్రం దాక్కునే సమయాన్ని సెకన్లతో సహా రాయండి. గడ్డం రోజూ కిటికీ మీద ఒకే గుర్తుకు ఆనాలి. తల బెత్తెడు పక్కకు పోయినా లెక్క చెడుతుంది. గ్రహాన్ని ఎంచుకోవద్దు, అది తనే నడుస్తుంది. ధ్రువనక్షత్రం చుట్టుపక్కలవీ వద్దు, అవి మరీ నిదానం. పది రోజుల తర్వాత అదే నక్షత్రం 39 నిమిషాలు ముందుగా దాక్కోవాలి. మధ్యలో మబ్బు పడితే ఆ రాత్రి వదిలేయండి. రోజుకు ఎంత ముందుకొచ్చిందో తేల్చడానికి భాగించేటప్పుడు మాత్రం చూసిన రాత్రులతో కాదు, గడిచిన రోజులతో భాగించాలి.