మోడల్ కారులో ఇంజిన్ రంగు నప్పడం లేదా? సమస్య - పరిష్కారం

1960ల అమెరికన్ మజిల్ కార్లను (పెద్ద ఇంజిన్ పెట్టిన వేగపు కార్లను) 1/24, 1/25 స్కేల్‌లో కట్టేవాళ్లు బాడీ పెయింట్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా బానెట్ కింద పెట్టరు. తీరా బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ బొమ్మలా కనిపిస్తుంది. రంగు సీసా మార్చేస్తే సరిపోతుందనుకుంటారు కానీ, చాలాసార్లు తప్పు సీసాలో ఉండదు.

తెలిసినవాళ్లు చూడగానే "ఇది ఆ ఏడాది ఇంజిన్ కాదు" అంటున్నారు

కంపెనీ పేరు చూసి రంగు వేస్తే వచ్చే తంటా ఇది. ఫోర్డ్ అనగానే నీలం వేసేస్తాం. కానీ ఆ నీలం 1966 మోడల్ నుంచే. 1965 ముస్టాంగ్‌లోని మామూలు 289 ఇంజిన్‌కు (ఈ అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజిన్ సైజు) బ్లాక్ నలుపు, వాల్వ్ కవర్లు, ఎయిర్ క్లీనర్ బంగారు రంగు. షెవర్లే ఆరెంజ్ కూడా శాశ్వతం కాదు, 1977 నుంచి దాని మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్) నీలం వచ్చేసింది. బ్యూయిక్‌లో 401 నెయిల్‌హెడ్ (ఆ ఇంజిన్ ముద్దుపేరు) ఆకుపచ్చ అయితే, 1970 455 ఎరుపు. క్రైస్లర్‌లో మరీ చిక్కు: 1969లో రెండు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బురేటర్ ఉన్న 383 టర్కాయిస్ (నీలి ఆకుపచ్చ), అదే 383 నాలుగు బ్యారెళ్లతో రోడ్ రన్నర్ కారులో ఆరెంజ్.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మూడు: ఏడాది, ఇంజిన్ సైజు, కార్బురేటర్. ఆ తర్వాతే ఫొటోలు వెతకండి. షోలకు తయారు చేసిన కార్ల ఫొటోలను నమ్మొద్దు. వాటిలో ఫ్యాక్టరీలో ఎన్నడూ లేని క్రోమ్, మెరుపు ఉంటాయి. రీస్టోర్ చేయని పాత కారు ఫొటో, మురికిగా ఉన్నా సరే, దానికంటే నయం.

ఆరెంజ్ వేస్తే ఇటుక రంగు వస్తోంది, లేదా గులాబీ అవుతోంది

ఇటుక రంగుకు కారణం అడుగు కోటు. ఆరెంజ్ పలచటి రంగు, కింద నలుపో ముదురు బూడిదో ఉంటే అది పైకి తేలుతుంది. తెల్ల ప్రైమర్ వేసి, పైన రెండు మూడు పలచటి కోట్లు వేయండి.

గులాబీ అవడం వేరే కథ. చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి కాస్త లేత చేయమంటారు. నీలానికైతే నాలుగు చుక్కల తెలుపు చాలు. ఆరెంజ్‌లో తెలుపు కలిపితే మాత్రం పీచ్ పండు రంగు వస్తుంది, అక్కడ పసుపు కలపాలి. షెవీ ఆరెంజ్‌కు నేను టమియా కంపెనీ మోడల్ రంగుల్లో ఎక్స్-6 ఆరెంజ్‌లో కొద్దిగా ఎక్స్-7 ఎరుపు కలుపుతాను. కొలత చెప్పను, పక్కన ఫొటో పెట్టుకుని పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద ఆరబెట్టి చూసుకోవడమే పద్ధతి. తడి రంగును చూసి నిర్ణయిస్తే ఆరాక టెన్షనే.

రంగు సరిగ్గానే ఉంది, అయినా ఒకే ముద్దలా ఉంది

అసలు సమస్య ఎక్కువగా ఇదే. షెవర్లే ఫ్యాక్టరీలో ఇంజిన్ బిగించాకే రంగు కొట్టేవారు. బ్లాక్, హెడ్లు, ఆయిల్ పాన్, వాటర్ పంప్, వాటి బోల్టులు అన్నీ ఒకే ఆరెంజ్. బోల్టు తలలకు విడిగా వెండి రంగు పెట్టి మురిసిపోవద్దు. తర్వాత బిగించినవాటికి ఆ రంగు ఉండదు: ఫ్యాన్, పుల్లీలు నలుపు, ఆల్టర్నేటర్, కార్బురేటర్ లోహపు రంగు. అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల భాగాన్ని) మామూలుగా అల్యూమినియంగానే వదిలేస్తారు, కానీ అంచుల్లో స్ప్రే తుంపర పడి ఉంటుంది. మోడల్‌లో ఆ అంచు మీద ఆరెంజ్‌ను పొడి బ్రష్‌తో ఒకసారి తాకిస్తే చాలు, నిజమని నమ్మించే వివరం అదే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పంపే గొట్టాల భాగం) పోత ఇనుము. దాని మీద పడిన రంగు నాలుగు రోజుల్లో కాలిపోతుంది. టమియా ఎక్స్ఎఫ్-56 మెటాలిక్ గ్రే వేసి, పైన ఎరుపు గోధుమ రంగు అక్కడక్కడ పొడిగా రుద్దండి. క్రైస్లర్ 426 స్ట్రీట్ హెమీ ఇంజిన్ కడుతుంటే వాల్వ్ కవర్లు నున్నగా ఉండకూడదు, ముడతల నలుపు ఉండాలి. మ్యాట్ నలుపు సగం ఆరుతుండగా గట్టి బ్రష్ కొసతో పొడుస్తూ పోతే ఆ గరుకు వస్తుంది.

మెరుపు ఎక్కువైంది

మెరిసే (గ్లాస్) రంగును అలాగే వదిలేశారు. పైన సెమీ గ్లాస్ క్లియర్ (సగం మెరుపుండే పారదర్శక పూత) కొట్టండి. పూర్తి మ్యాట్ చేస్తే సుద్దలా ఉంటుంది.

కిట్‌లో క్రోమ్ పూసిన భాగాల మీద రంగు నిలవడం లేదు

ఆ పూత నున్నగా ఉండి రంగును పట్టదు. బట్టలకు వాడే బ్లీచ్‌లో నానబెడితే క్రోమ్ ఊడిపోతుంది. గ్లౌజులు వేసుకోండి, కిటికీ తెరవండి, బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ లాంటిదేదీ కలపకండి. కడిగి, ఆరాక ప్రైమర్ వేయండి.

అసలు ఇంజిన్ రంగు స్ప్రే క్యాన్ దొరకడం లేదు

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకుందామంటే కుదరదు. మండే స్ప్రే పెయింట్‌ను విమానంలో చెక్-ఇన్ లగేజీలో కూడా ఒప్పుకోరు. ఇక్కడి ఆటో షాపుల్లో దొరికే టచప్ స్ప్రేలు వాడొచ్చు. అయితే వాటిలోని థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. అందుకే ప్రైమర్ పూర్తిగా ఆరనిచ్చి, దూరం నుంచి దుమ్ములా పడేట్టు మొదటి కోటు కొట్టండి. అది ఆరాకే రెండోది.