బ్యాక్‌గామన్‌లో ఒంటి పావును వదలాలా, దాచుకోవాలా?

బోర్డు సంగతి ఎక్కువ చెప్పను. 24 గళ్లు, ఒక్కొక్కరికి 15 పావులు, రెండు పాచికలు. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి పావులను ఇంటికి, అంటే తమ చివరి 6 గళ్లకు చేర్చుకోవాలి. గడిలో ఒంటరిగా ఉన్న పావు మీదికి ఎదుటివాడు వస్తే అది చస్తుంది, జంటగా ఉంటే చావదు. పాచికలను డబ్బాలో వేసి గిలకొట్టి వేయాలి. అరచేతిలోంచి జార్చేవాళ్లతో నేను ఆడను.

నల్గొండలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఈ ఆట నడుస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడిదీ ఒకటే తప్పు. ఏ పందెం పడ్డా పావులను జంటలుగా సర్దుకుని హమ్మయ్య అనుకుంటాడు. అష్టాచమ్మా ఆడి పెరిగిన చేతులు కదా! అందులో అడ్డగీతలు కొట్టిన గడిలో కూర్చుంటే ఎవరూ చంపరు. ఇక్కడ అలాంటి గడిని ఎవరూ గీసి ఇవ్వరు, రెండు పావులు చేర్చి మనమే కట్టుకోవాలి. అది కట్టడానికి చాలాసార్లు ముందు ఒక పావును ఒంటరిగా దింపక తప్పదు.

మొదట దూరం లెక్కపెట్టండి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. మన ఒంటి పావు ఎదుటి పావుకు 1 గడి దూరంలో ఉంటే 11 రకాల పందేలకు చస్తుంది. 6 గళ్ల దూరంలో ఉంటే 17 రకాలకు. 7 గళ్లకు పోతే ఒక్కసారిగా 6కు పడిపోతుంది. మధ్యలో మన జంటలు అడ్డుంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి వదలక తప్పకపోతే అతన్ని ఆనుకుని వదలండి, లేదా 7 గళ్ల అవతల వదలండి. 5, 6 గళ్ల దూరంలో పెట్టి దేవుడికి దండం పెట్టుకోవడం ఆట కాదు.

అందరూ పప్పులో కాలేసేది ఈ తర్వాతి మెట్టులోనే. "చస్తుందా?" అని అడిగి ఆగిపోతారు. "చస్తే ఏమవుతుంది?" అని అడగాలి. చచ్చిన పావు బార్ మీదికి, అంటే బోర్డు మధ్యలోని పట్టీ మీదికి పోతుంది, ఎదుటివాడి ఇంట్లోని 6 గళ్లలో ఖాళీ ఉన్నచోట మళ్లీ దిగాలి. అతను జంటలతో 3 గళ్లు మూసి ఉంటే 36లో 9 సార్లే మనం దిగలేం. 4 మూస్తే 16 సార్లు, 5 మూస్తే 25 సార్లు. అంటే అదే ఒంటి పావు ఆట మొదట్లో పెట్టుబడి, అతని ఇల్లు కట్టుకున్నాక ఆత్మహత్య. పోయిన వానకాలం 5 గళ్లు మూసిన ఇంటి ముందు నేనే వగలుపోయి ఒక పావును వదిలాను. నాలుగు వంతులు బార్ మీద కూర్చుని చాయ్ తాగాను.

అక్కడితో అయిపోదు. అతని ఇంట్లో మనకొక జంట ఉంటే దిగడానికి చోటు ఎప్పుడూ ఉంటుంది, అప్పుడు తెగించండి. అతని ఇంట్లోనే ఒంటి పావు ఉంటే, మనల్ని చంపాక మనం దిగుతూ దాన్ని చంపొచ్చు. అప్పుడూ తెగించండి. అతని పావులు మనకంటే ఎక్కువ వెనక చిక్కుకుంటే కూడా అంతే. పరుగులో మీరే ముందుంటే మాత్రం హీరోయిజం వద్దు, నెమ్మదిగా జంటలతో ఇంటికి రండి.

మొదటి పందెం 2-1 పడిందనుకోండి. గళ్లను మన ఇంటి చివరి గడి 1 అనుకుని 24 దాకా లెక్కపెడతాం. నేనైతే 13 నుంచి ఒకటి 11కు, 6 నుంచి ఒకటి 5కు. 15 రకాల పందేలకు ఆ 5 మీది పావు చస్తుంది, 20 గళ్ల నడక పోతుంది. పోనీ. అప్పటికి అతని ఇంట్లో మూసింది ఒక్క గడే కనుక 6-6 పడితేనే దిగలేం. బతికితే బోర్డులోనే మంచి గడి మనది. 24 నుంచి 23కు జరిపే జాగ్రత్తపరులూ ఉన్నారు, అదీ తప్పు కాదు. నాకు మాత్రం ఆవలింతలొస్తాయి.

టెన్షన్ పడకుండా పావును అటు పెట్టి, ఇటు పెట్టి చూడండి. పాచికలు ఎత్తేదాకా మార్చుకోవచ్చు. ఎత్తారా, వంతు అతనిది.