కూతకెళ్లే కాళ్లకు బరువు పాఠం – 4: మెట్టు దిగడం

కబడ్డీ ఆడేవాళ్ల మోకాళ్ల కోసం రాస్తున్న పాఠాల్లో ఇది నాలుగోది, మెట్టు దిగడం గురించి. మూడో పాఠంలో నార్డిక్ (మోకాళ్ల మీద నిలబడి, జోడీ మనిషి చీలమండలు పట్టుకుంటే, మెల్లగా ముందుకు వాలే వ్యాయామం) చేసినవాళ్లలో చాలామంది ఇప్పుడు మామూలు మెట్లే దిగలేకపోతున్నారు కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

ఫిర్యాదులన్నీ ఒకే తీరు. చేసిన రోజు ఏమీ లేదు, మర్నాడు తొడ వెనక పట్టేసింది, రెండో రోజు కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఎన్ని చేశారంటే మూడు సెట్లు, పదేసి. పాఠంలో చెప్పింది మొదటి వారం మొత్తానికి ఒక్క రోజు, రెండు సెట్లు, ఐదేసి. పది చేయాల్సిన చోట ముప్పై చేశారు. వాలడం సులువుగానే ఉంది కదా అని ఇంకో రెండు, ఇంకో రెండు అంటూ పోతే ఇలాగే అవుతుంది. ఈ వ్యాయామం వడ్డీ రెండో రోజు వసూలు చేస్తుంది.

బావిలోకి నిండు బిందె దించేటప్పుడు తాడు చేతుల్లో జారుతూనే ఉంటుంది, పట్టు మాత్రం వదలం. నార్డిక్‌లో తొడ వెనక కండరం చేసేది ఆ పనే. సాగుతూ బరువు ఆపుతుంది. అలవాటు లేని కండరం ఇలా సాగుతూ పనిచేస్తే లోపలి సన్నని పోగులు దెబ్బతింటాయి. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ఎక్కి, వారంలోపు దిగిపోతుంది. అదే కండరం రెండోసారి అదే పనికి అంతగా నొప్పి పెట్టదు. ఈ మేలు కొన్ని వారాలు నిలుస్తుంది. భయపడి నెలల తరబడి మానేస్తే మాత్రం ఆ మేలు మెల్లగా పోతుంది.

పట్టేయడానికీ చిరగడానికీ తేడా ఇది. పట్టేస్తే రెండు తొడలూ, తొడంతా, లాగినట్టు ఉంటుంది. చిరిగితే ఆ క్షణమే తెలుస్తుంది, ఒకే కాలు, వేలు పెట్టి చూపించగలిగే ఒకే చోటు, ఒకటి రెండు రోజుల్లో కమిలిన రంగు కూడా రావచ్చు. రెండోది అయితే ఈ పాఠం పక్కనపెట్టి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. నొప్పితోపాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరం మరీ ఎక్కువగా దెబ్బతిని, దాని సరుకు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతున్నదని దాని అర్థం.

ఇప్పుడు లెక్క మళ్లీ రాస్తున్నా, ఈసారి కాగితం మీద ఎక్కించుకోండి. మొదటి వారం ఒక రోజు, 2 సెట్లు, 5 సార్లు. రెండో వారం రెండు రోజులు, 2 సెట్లు, 6. మూడో వారం మూడు రోజులు, 3 సెట్లు, 6 నుంచి 8. నాలుగో వారం మూడు రోజులు, 3 సెట్లు, 8 నుంచి 10. ఐదు నుంచి పదో వారం దాకా మూడు రోజులు, 3 సెట్లు, వరసగా 12, 10, 8. ఆ తర్వాత సీజనంతా వారానికి ఒక్కరోజు చాలు. ఇది నా సొంత లెక్క కాదు. డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్ల మీద, 942 మంది ఆటగాళ్లతో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో వాడిన మెట్లివే. నార్డిక్ చేసిన జట్లలో తొడ వెనక గాయాలు 15, చేయని జట్లలో 52. ఒకటి గుర్తుంచుకోండి, అది కండరం లెక్క. మోకాలి లిగమెంటుకూ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) అంతే మేలని ఆ అంకెలు చెప్పవు.

అయినా మోకాలి పాఠాల్లో దీన్నెందుకు పెట్టానంటే, బోనస్ లైన్ (కూతకొచ్చిన రైడర్ కాలు చాచి దాటి అదనపు పాయింటు తెచ్చుకునే గీత) దగ్గర ఏం జరుగుతుందో చూడండి. రైడర్ ఎడమ పాదం మ్యాట్‌కు అతుక్కుని ఉంది, కుడికాలు లోపలికి చాచాడు. కార్నర్‌లో ఉన్నవాడు ఎడమ చీలమండ పట్టాడు. రైడర్ మధ్య గీత వైపు ఒళ్లు తిప్పాడు. పాదం అక్కడే, తొడ ఇటు తిరిగింది, మధ్యలో మోకాలు. ఆ క్షణంలో పిక్క ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచేది ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంటు. తొడ వెనక కండరం అదే ఎముకను వెనక్కి లాగుతుంది, అంటే ఏసీఎల్ మోసే బరువులో కొంత పంచుకుంటుంది. తొడ ముందు కండరం మాత్రమే పెంచి వెనకదాన్ని వదిలేసినవాళ్లకు ఈ పంచుకునేవాడు ఉండడు.

నార్డిక్‌లో రెండు తప్పులు చెప్పి ముందుకు పోతా. నడుము దగ్గర మడిచి నమస్కారం పెట్టినట్టు వాలుతున్నారు. మోకాలి నుంచి భుజం దాకా ఒకే గీత ఉండాలి. మడిస్తే బరువు దగ్గరకొచ్చి పని తగ్గుతుంది. ఇక జోడీ మనిషి పిక్కల మీద కూర్చుంటున్నాడు. పట్టుకోవాల్సింది మడమల పైన, చీలమండ దగ్గర. పట్టు తప్పే చోట చేతులతో ఆనుకుని, చేతులతోనే నెట్టుకుని లేవండి, కాళ్లతో లాక్కుని లేవబోతే కండరం పట్టేస్తుంది. సాధన అయ్యాక చేయడం నాకిష్టం. మ్యాచ్ ముందురోజు వద్దు.

ఇక మెట్టు.

15 సెంటీమీటర్ల ఎత్తు చాలు. ఇంటి ముందు అరుగు వాడొద్దు, చాలావరకు ఎత్తెక్కువ. ఇటుకలు రెండు వరసలుగా ఒకదాని మీద ఒకటి కదలకుండా పేర్చి, పైన పలక వేస్తే సరిపోతుంది. ఒక కాలి మీద అంచున నిలబడి, రెండోకాలు ముందుకు వేలాడదీయండి. నిలబడ్డ మోకాలు మడుస్తూ మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. వేలాడే మడమ నేలను తాకాలి, నేల మీద గుడ్డు ఉందనుకోండి, దాన్ని చిట్లించకూడదు. తాకగానే పైకి. బరువు మొత్తం పైకాలిదే. కిందికాలితో నేలను తన్ని లేస్తే ఆ సారి లెక్కలోకి రాదు.

ఇక్కడ అందరూ అడిగే మాట ఒకటుంది, వినీ వినీ విసుగొచ్చింది. "మోకాలు కాలివేళ్లు దాటకూడదు కదా?" దాటొచ్చు. మోకాలు వేళ్లు దాటకుండా ఒకసారి మెట్టు దిగి చూడండి, వెనక్కి పడతారు లేదా పిరుదులు వెనక్కి తోసి ముందుకు వంగిపోతారు. బావి దగ్గర గొంతుక్కూర్చుని అంట్లు తోమే మనిషి మోకాళ్లు ఎక్కడుంటాయి? కిందికి జరిగి చీలమండ పట్టే డిఫెండర్ మోకాలు ఎక్కడుంటుంది? ఆటలో దాటే మోకాలిని సాధనలో దాటనివ్వకపోతే, ఆ కోణంలో దానికి బలం ఎప్పుడొస్తుంది?

అమెరికాలో 2003లో ఒక కొలత తీశారు. బార్ మోస్తూ గుంజీ తీసేవాళ్ల మోకాళ్ల ముందు చెక్క అడ్డం పెట్టి, వేళ్లు దాటకుండా చేశారు. మోకాలి మీద పడే మెలి భారం నూటికి 22 వంతులు తగ్గింది. తుంటి కీలు మీద భారం మాత్రం పది రెట్లు దాటింది. మనిషి ముందుకు వంగక తప్పలేదు, ఆ బరువు వీపూ తుంటీ మోశాయి. భారం ఎక్కడికీ పోలేదు, పక్కింటికి పోయింది. వేళ్లు దాటకూడదన్న మాటలో నిజమున్నది ఒక్క సందర్భంలోనే: చిప్ప కింది నరంలాంటి తాడు దగ్గర ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లకు మోకాలు ముందుకెళ్లేకొద్దీ దాని మీద లాగుడు పెరుగుతుంది. వాళ్లు ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గించాలి. మిగతావాళ్లు ఆ సూత్రం మర్చిపోండి. "వేళ్లు దాటుతోంది సార్" అని ఇంకో వీడియో పంపొద్దు.

పంపాల్సింది ఎదురుగా తీసిన వీడియో. అసలు తప్పు ముందుకు పోవడంలో లేదు, లోపలికి పోవడంలో ఉంది. ఫోన్‌ను మోకాలి ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో, ఎదురుగా పెట్టండి. చిప్ప నడుమ బాల్‌పెన్‌తో చుక్క పెట్టండి. దిగుతున్నంతసేపూ ఆ చుక్క రెండో వేలి మీదే ఉండాలి. బొటనవేలు దాటి లోపలికి పోతే ఆ సెట్టు అక్కడే ఆపండి. లోపలికి పోవడానికి మామూలుగా కారణాలు రెండు. ఒకటి, పిరుదు పక్కనుండే కండరం బలహీనం. అయితే ఎదుటివైపు తుంటి కూడా కిందికి జారుతుంది, వీడియోలో నిక్కర్ నడుంపట్టీ వాలడం కనిపిస్తుంది. రెండు, చీలమండ బిగుసుకుపోయి ఉండటం. గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించి చూడండి. ఆనలేదా, అరికాలు లోపలికి ఒరుగుతుంది, దాని వెంట మోకాలూ. రోజూ ఆ గోడ దగ్గరే 15 సార్లు, రెండు విడతలు.

బరువు సంగతి. ఒక్కో కాలికి 3 సెట్లు, 8 సార్లు, వారానికి మూడు రోజులు. చుక్క కదలకుండా 12 చేయగలిగాకే చేతిలోకి బరువు. డంబెల్ లేకపోతే ఐదు లీటర్ల నీళ్ల క్యాను, అది ఐదు కిలోలు. దిగే కాలి వైపు చేతిలో పట్టుకుంటే నిలబడ్డ కాలి తుంటికి ఎక్కువ పని, నేను అటే మొగ్గుతాను. బలహీనమైన కాలితో మొదలుపెట్టి, అది ఎన్ని చేస్తే రెండోది అన్నే. చీలమండకు బరువులు కట్టుకుని పరుగెత్తడం దీనికి బదులా అని ఒకరు అడిగారు, కాదు. నొప్పికి పదికి మార్కులేసుకోండి: మూడు దాకా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలైతే అదే బరువు, కాకపోతే ఎత్తు తగ్గించండి.

అభ్యాసం: రెండు వారాల్లో ఆరు సాధనలు. ప్రతిసారీ రెండు కాళ్ల మొదటి సెట్టూ, మూడో సెట్టూ వీడియో తీయండి, అంటే 24 వీడియోలు. చుక్క ఎన్నోసారికి లోపలికి పోయిందో ప్రతిదానికీ ఒక అంకె రాయండి. మూడో సెట్టు అంకె మొదటిదానికన్నా బాగా తక్కువైతే మీకు అలసటలో కాలు పోతోంది, ఆట చివరి ఐదు నిమిషాల్లో పోయేదీ అదే కాలు. ఐదో పాఠం గజ్జలకు, బల్లా జోడీ మనిషీ కావాలి, మోకాలి ఎత్తు బల్ల ఇప్పుడే వెతికి పెట్టుకోండి.