కుటుంబ ఫోటో, ఆరో పాఠం: నల్లోడు కూర్చున్న చోటే

పోయిన పాఠంలో మూడేళ్ల పిల్లలున్న కుటుంబాన్ని ఫోటోకు కుదిర్చే తంటాలు చూశాం. పిల్లలనైతే బతిమాలుకోవచ్చు, చాక్లెట్ ఆశ పెట్టవచ్చు, వాళ్ల నాన్న చేత గదమాయించవచ్చు. ఈ మూడూ పనిచేయని సభ్యుడు ఈ పాఠంలో వస్తున్నాడు. ఇంటి కుక్క. దాని వెనకే పిల్లి, కనుమ నాడు ఆవు.

విజయనగరంలో నేను స్టూడియో పెట్టిన కొత్తలో కుక్కతో సహా ఫోటో దిగుతామని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు షష్టిపూర్తికో గృహప్రవేశానికో ఫోన్ చేసి, తేదీ, బేరం అన్నీ మాట్లాడుకున్నాక, పెట్టేసే ముందు కాస్త మొహమాటంగా "మా బ్రూనో కూడా ఉంటాడండీ" అంటారు. అయితే నాకు పాఠం చెప్పింది ఏ బ్రూనో కాదు. నరసన్నపేట దగ్గర ఒక పల్లెలోని నల్లోడు అనే నాటుకుక్క.

పెంకుటిల్లు. ముందు అరుగు, వాకిట్లో వేపచెట్టు. ఆరుగురు మనుషులు, వాళ్లలో పెద్ద మామ్మగారు. చెట్టు కింద బల్ల వేయించి, అందరినీ ఎత్తుల వారీగా సర్ది, ఆఖరున నల్లోడిని పట్టుకురమ్మన్నాను. మెడపట్టీ పట్టి లాక్కొచ్చారు. వాడు తోక ముడిచి, చెవులు వెనక్కి వాల్చి, మాటిమాటికీ మూతి నాకుతూ ఆవులించాడు. నిద్రొస్తోంది కాబోలు అనుకున్నాను. నిద్ర కాదు, బెదురు. కుక్క తిండేమీ లేకుండా మూతి నాకుతున్నా, వేళ కాని వేళ ఆవులిస్తున్నా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తున్నా అక్కడి నుంచి పోవాలని ఉందన్నమాట. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. అరగంట గడిచింది. మనుషుల ముఖాలు కూడా వాడిపోయాయి. మామ్మగారు విసుగ్గా లేచి, అరుగెక్కి తన పీట మీద కూర్చున్నారు. నల్లోడు తప్పించుకుని వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర చుట్టచుట్టుకున్నాడు.

"వాడు నా పీట దగ్గర తప్ప ఎక్కడా కూర్చోడు నాయనా. మీరే ఇటు రండి" అన్నారావిడ.

వెళ్లాం. కొడుకు అరుగు అంచున, కోడలు స్తంభం పక్కన, పిల్లలు మెట్ల మీద. అయిదు నిమిషాల్లో ఫోటో అయిపోయింది. అప్పటి నుంచి నా వరస తిరగబడింది. ముందు జంతువు, తర్వాత దాని చుట్టూ మనుషులు. ఎవరింటికి వెళ్లినా సంచీ విప్పకముందే "ఇది మధ్యాహ్నం పూట ఎక్కడ పడుకుంటుంది?" అని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

చోటు దొరికాక వెలుగు చూసుకోవాలి. అరుగు అయితే అదృష్టమే. పైన చూరు నీడ, ఎదురుగా వాకిట్లోంచి పరుచుకుని వచ్చే మెత్తని వెలుగు. మనది తూర్పు తీరం కనుక ఎండ తొందరగా ఎక్కుతుంది. వేసవిలో ఏడున్నరకల్లా పని ముగించడం మంచిది. ఆ తర్వాత సిమెంటు వాకిలి కాలడం మొదలవుతుంది. మనకు చెప్పులుంటాయి, దానికి ఉండవు. నాలుక బారెడు వేలాడేసిన కుక్క నవ్వుతున్నట్టే ఉందని కొందరు ముచ్చటపడతారు. ఎండలోనైతే ఆ నవ్వు రొప్పే.

ఫ్లాష్ వాడకండి. కుక్కకు, పిల్లికి, ఆవుకు కంటి లోపల బొమ్మ పడే తెర (రెటీనా) వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. చీకట్లో చూపు ఆనడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. ఎదురుగా కొట్టిన ఫ్లాష్‌ను ఆ పొర అలాగే తిప్పి పంపిస్తుంది. చక్కని కుటుంబం మధ్యలో ఆకుపచ్చగా వెలిగే రెండు బల్బులు మిగులుతాయి. రాత్రిపూట తప్పనిసరైతే ఫ్లాష్ ముఖాన్ని సున్నం వేసిన గోడ వైపో కప్పు వైపో తిప్పండి.

ఇక కెమెరా. ఫోటో పుట్టిన కొత్తలో, 1840ల్లో, ఒక్క బొమ్మ పడడానికి చాలా సెకన్లు కదలకుండా ఉండాల్సి వచ్చేది. మనుషులు బిగుసుకుని నిలబడేవారు, కుక్క మాత్రం తల తిప్పి పొగలా మిగిలేది. మనకు ఆ బాధ లేదు గానీ అజాగ్రత్తగా ఉంటే అదే పొగ ఇప్పుడూ వస్తుంది. మనుషులకు మనం వాడుతూ వచ్చిన 1/125 సెకను షటర్ వేగం, అంటే కెమెరా తలుపు తెరుచుకుని మూసుకునే వేగం, ఇక్కడ చాలదు. 1/500కు పెంచండి. అందుకోసం ఐఎస్‌ఓ, అంటే వెలుగును పట్టే చురుకుదనం, 1600 దాకా పోయినా ఫరవాలేదు. ఫోటో కాస్త గరుకుగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, కుక్కకు మూడు చెవులుంటే అందరూ చూస్తారు. అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు దూరే కంతను) ఎఫ్/5.6 దగ్గర పెట్టి, కుక్క ముఖమూ మనుషుల ముఖాలూ కెమెరాకు ఇంచుమించు ఒకే దూరంలో ఉండేలా కూర్చోబెట్టండి. మీరు మోకాళ్ల మీదికి దిగండి. నిలబడి తీస్తే కుక్కకు నుదురు తప్ప ఏమీ ఉండదు. కొత్త కెమెరాల్లో జంతువు కన్నును వెతికి పట్టే సదుపాయం ఉంది, కానీ గుంపులో అది కుక్క నుంచి మనిషికి, మనిషి నుంచి కుక్కకు గెంతుతుంది. దాన్ని ఆపేసి, కుక్కకు దగ్గరగా ఉన్న మనిషి కంటి మీద ఫోకస్ నిలపండి. ఫోనుతో తీసేవారు వెనక భాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోవద్దు. అది చెవుల వెంట్రుకలను, పిల్లి మీసాలను కొరికేస్తుంది.

నల్లోడి ఫోటోలో నేను చేసిన రెండో తప్పు ప్రింటు వచ్చాక గానీ తెలియలేదు. ముఖాలన్నీ బాగున్నాయి, పీట పక్కన మాత్రం బొగ్గుబస్తా. నల్లకుక్కకు ఎదురు వెలుగు పనికిరాదు. పక్క నుంచి పడాలి, అప్పుడే బొచ్చు మీద మెరుపు లేచి ఒళ్లు ఆకారం తెలుస్తుంది. కింద లేతరంగు చాప పరిచినా, తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ పక్కన కూర్చోబెట్టినా అంచు విడిగా కనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కెమెరాలోని వెలుగు కొలత ఎదురుగా ఉన్నదంతా నడిమి బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. ఫోటోలో నల్లకుక్క ఎక్కువ చోటు ఆక్రమిస్తే వెలుగు చాలలేదనుకుని ముఖాలను తెల్లబోయేలా చేస్తుంది. తెల్ల ఆవు ఆక్రమిస్తే ముఖాలను నల్లబరుస్తుంది. రెండు సందర్భాల్లోనూ మనిషి ముఖం మీద కొలిచి, ఆ కొలత మారకుండా బిగించండి.

ఇప్పుడు అసలు గడ్డు పని, చూపులు కలపడం. ఈ ఫోటోల్లో ఎక్కువగా చెడేది కుక్క వల్ల కాదు. అది అటూ ఇటూ కదలగానే ఇంటిల్లిపాదీ "కూర్చో, కూర్చో" అంటూ తలలు దించి దాన్నే చూస్తారు. సరిగ్గా ఆ క్షణాన అది మాత్రం బుద్ధిగా లెన్స్ వైపు చూస్తుంది! అందుకే ముందే గట్టిగా చెబుతాను. "ఏం జరిగినా మీరు నన్నే చూడండి. కుక్క సంగతి నాది." తర్వాత నా సహాయకుడు లెన్స్‌కు సరిగ్గా పైన బిస్కట్ పొట్లాన్ని కరకరలాడిస్తాడు. కుక్క చెవులు నిక్కబొడుచుకుంటాయి, తల ఒక పక్కకు వాలుతుంది. ఈ చిట్కా రెండు మూడుసార్లకే అరిగిపోతుంది కనుక మనుషులందరూ కుదిరాకే వాడాలి. చప్పుడు చేసి ఊరుకోకుండా బిస్కట్ ముక్క ఇవ్వాలి కూడా. కుక్క ఒకసారి మోసపోతే మళ్లీ మన వైపు చూడదు. ఏం పెట్టాలన్నా ఇంటివారిని అడిగి పెట్టండి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లి కుక్కకు విషంతో సమానం.

పిల్లి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎత్తుకోవద్దు. అది పడుకున్న కిటికీ దగ్గరికి మనుషులను పంపి, ఎదురుచూడండి. లవ్‌బర్డ్స్ అయితే పంజరం ఊచలకు లెన్స్‌ను ఆనించినంత దగ్గరగా పెడితే ఊచలు కరిగిపోతాయి, కుటుంబం వెనక నిలబడవచ్చు. రామచిలుకతో ఫోటో అడిగితే నేను తీయను. దాన్ని పంజరంలో పెంచడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కనుమ నాడు పసుపు, కుంకుమ పెట్టి, కొమ్ములకు రంగు వేసిన ఆవు ముందు కుటుంబం నిలబడితే అంతకన్నా నిండైన ఫోటో మన పల్లెల్లో దొరకదు. ఆవుకు తన చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక తప్ప. కాబట్టి ఎవరినీ వెనక నిలబెట్టవద్దు. రోజూ పాలు పితికే మనిషి తల దగ్గర, పిల్లలు భుజం పక్కన. దూడ ఉంటే దాన్ని తల్లికి కనిపించేలా కట్టేయండి, ఆవు కదలదు.

అభ్యాసం. రెండు రోజులు కెమెరా ముట్టకండి. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం అయిదింటికి మీ కుక్కో పిల్లో ఎక్కడ ఉందో కాగితం మీద రాయండి. మూడో రోజు ఆ చోట్లలో వెలుగు బాగున్నది ఎంచుకుని, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టి, ట్రైపాడ్ కదపకుండా ఇరవై ఫోటోలు తీయండి. ఒక్కటీ చెరపవద్దు. మనిషి బాగా వచ్చినది ఒకటి, జంతువు బాగా వచ్చినది ఒకటి ఏరి పెట్టుకోండి. ఏడో పాఠంలో ఆ రెండింటినీ కంప్యూటర్ మీద ఒకటిగా కుడదాం. ట్రైపాడ్ కదిలిందా, అరుగు స్తంభం రెండు ముక్కలవుతుంది.